లైకెన్లు లెక్కపెట్టే ముందు

బిడ్డా,

మిర్యాలగూడ పక్కన మీ హైస్కూల్ పిల్లలతో లైకెన్లు లెక్కపెట్టించి గాలి కాలుష్యం చూస్తానన్నావు. మంచి పనే. సైన్స్ ఫెయిర్ తొందరలో 'లైకెన్ లేదు కాబట్టి గాలి చెడ్డది' అని మాత్రం చార్టు మీద రాయించకు. మన దగ్గర లైకెన్ లేకపోవడానికి వేరే కారణాలు బోలెడు.

ముందు పిల్లలకు ఏది లైకెనో తెలియాలి. తడిచోట పచ్చగా మెత్తగా పెరిగేది నాచు. బెరడుకు అతుక్కుని బూడిదరంగు మచ్చలా ఉండేది లైకెన్. శిలీంధ్రం (ఫంగస్), శైవలం (ఆల్గే) కలిసి చేసే కాపురం అది. బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే, వంటింట్లోంచి తీసుకెళ్లి చూపించు. ఎండాకాలం చచ్చినట్టు కనిపించినా నీళ్లు చిలకరిస్తే చాలావాటిలో పచ్చదనం తేలుతుంది.

దానికి వేర్లు లేవు, ఆకులకుండే మైనపు పొరా లేదు. లవణాలూ నీళ్లూ ఎక్కువగా వాన, మంచు, దుమ్ముల నుంచే. వాటితోపాటు గాలిలోని విషమూ లోపలికి పోతుంది. బొగ్గు కాల్చినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ దాని క్లోరోఫిల్‌నే చెడగొడుతుంది. నైలాండర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1866లోనే పారిస్ లక్సెంబర్గ్ తోటలో లైకెన్లు చూసి, గాలి మంచిచెడ్డలు ఇవి చెబుతాయని రాశాడు. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ అనే శాస్త్రవేత్తలు ఇంగ్లండ్, వేల్స్ చెట్ల మీది లైకెన్లను బట్టి గాలిని అంచనా వేసే కొలబద్ద తయారుచేశారు. నెట్‌లో దొరికింది కదా అని దాన్ని ఇక్కడ పెట్టకు. ఆ చల్లటి తేమ వేరు, మన ఎండలు వేరు. అందులో మంచి గాలికి గుర్తుగా చెప్పిన, కొమ్మల నుంచి వేలాడే రకాలు మీ ఊళ్లో లేకపోతే ఆ నేరం గాలి మీదికి నెట్టొద్దు.

చెట్టు ఎంపికలోనే సగం పని ఉంది. ఒకే జాతి చెట్లు చూడు, లావు కూడా ఇంచుమించు ఒకటే ఉండాలి. జామ, నీలగిరి బెరడు రాలుస్తాయి, పనికిరావు. రోడ్డు పక్కన సున్నం, జాజు పూసిన చెట్లు అసలే వద్దు. మామిడి మంచిది, కానీ తోటల్లో బూడిద తెగులుకు గంధకం కొడతారు, లైకెన్ దానికీ పోతుంది. అందుకే పొలం గట్టు మీద మందు కొట్టని మామిడి వెతుకు, రైతును అడిగి తెలుసుకో.

10 సెంటీమీటర్ల గళ్లు ఐదు నిచ్చెనలా ఒకదానిపై ఒకటి వచ్చేట్టు తీగతో చట్రం కట్టించు. కింది అంచు నేలకు మీటరు ఎత్తున పెట్టి, చెట్టుకు నాలుగు దిక్కులా ఏ రకం ఎన్ని గళ్లలో ఉందో రాయించు. పేర్లు తెలియకపోయినా ఫొటో తీసి ఒకటో రకం, రెండో రకం అనుకుంటే చాలు. గీకనివ్వకు, చాలా రకాలు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు కూడా పెరగవు.

రకాలు విడిగా రాయమనడం ఎందుకంటే, వాడపల్లి వైపు సిమెంటు దుమ్ము పడే చోట బెరడులో క్షారగుణం పెరిగి కొన్ని రకాలు ఇంకా ఎక్కువవుతాయి. కోళ్ల షెడ్ల దగ్గర అమ్మోనియాతోనూ అంతే. పిక్సిన్ అనే లైకెన్ లాంటివి పట్నం దుమ్ములోనూ బతుకుతాయి. మొత్తం లెక్క పెరిగినంత మాత్రాన సంబరపడొద్దు. ఫ్యాక్టరీలకూ రైస్ మిల్లులకూ దూరంగా ఉన్న ఊళ్లో కూడా అలాంటి మామిళ్లే చూసి పక్కపక్కన పెడితేనే తేడా తెలుస్తుంది.

నల్లగొండ అనగానే ఎవరో ఒకరు ఫ్లోరైడ్ గురించి అడుగుతారు. అది భూగర్భజలంలోది, బెరడు మీది లైకెన్‌కు దాని సంగతి తెలియదు. అల్యూమినియం ఫ్యాక్టరీల నుంచి గాలిలోకి వచ్చే ఫ్లోరైడ్ వేరు, అది లైకెన్లను చంపుతుంది.

పీఎం 2.5 (గాలిలోని అతి సన్నటి ధూళి) ఎంత అని అడిగితే లైకెన్ అంకె చెప్పలేదు, అది మిషన్ పని. ఇది చెప్పేది ఏళ్ల తరబడి గాలి ఎలా ఉందన్న సంగతి. అందుకే ఒక్కో చెట్టు లొకేషన్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి, వచ్చే ఏడు వానలు వెలిసాక అవే చెట్లు మళ్లీ చూడాలి. ఫొటోలు పంపు, రకాలు విడదీయడానికి నేను సాయం చేస్తా.

మీ మామ