ఆఫీసు సిస్టమ్‌లకి ఏం పేర్లు పెట్టాలి?

ప్రశ్న: మాది గుంటూరులో ప్రైవేటు ఆసుపత్రి, విజయవాడలోనూ ఒంగోలులోనూ బ్రాంచీలున్నాయి. అన్నీ కలిపి రెండు వందల దాకా సిస్టమ్‌లు, ల్యాప్‌టాప్‌లు. కొన్నిటికి ఉద్యోగుల పేర్లు, కొన్నిటికి ‘బిల్లింగ్ న్యూ’, ‘బిల్లింగ్ న్యూ టూ’ లాంటి పేర్లు, మిగతావి విండోస్ పెట్టిన పేరుతోనే ఉన్నాయి. ఫలానా సిస్టమ్‌లో వైరస్ ఉందని యాంటీవైరస్ రిపోర్టులో వస్తే అది ఎక్కడుందో వెతకడానికే సగం పూట పోతోంది. సర్వర్లకు గ్రహాల పేర్లు, మిగతావాటికి డిపార్ట్‌మెంట్, గది నంబరు, వాడే మనిషి పేరు కలిపి పెట్టమని మా మేనేజర్ గారంటున్నారు. ఏ పద్ధతి మంచిది?
(పేరు వెయ్యొద్దన్న పాఠకుడు, గుంటూరు)

జవాబు: పేరు చూడగానే మనిషీ గదీ తెలిసిపోవాలని మీ మేనేజర్ గారి ఉద్దేశం. ఉద్దేశం మంచిదే, కానీ ఈ పద్ధతి ఎక్కువ రోజులు నిలవదు. మనుషులు ఉద్యోగాలు మారతారు, డిపార్ట్‌మెంట్లు పై అంతస్తుకి వెళ్తాయి, రేడియాలజీ ల్యాప్‌టాప్‌ని ఫార్మసీకి ఇస్తారు. అప్పటినుంచి పేరు తప్పు చెబుతూనే ఉంటుంది, దాన్ని నమ్మి మీరు వేరే గదికి వెళ్లి వెతుకుతుంటారు. ఏమీ చెప్పని పేరు కన్నా తప్పు చెప్పే పేరు ఎక్కువ నష్టం. అందుకని ఆ పెట్టె కొన్నరోజు నుంచి పాతసామాన్లకి అమ్మేసే రోజు దాకా మారనివే పేరులో రాయండి, మారేవన్నీ రిజిస్టర్‌లో రాయండి. బండి నంబర్ ప్లేటు మీద డ్రైవర్ పేరు ఉండదు కదా, ఇదీ అంతే.

మారనివి ఏమిటంటే, ఏ ఊరి బ్రాంచి కోసం కొన్నారు, ఏ రకం పరికరం, మీ స్టాక్ రిజిస్టర్‌లో దాని నంబరెంత, ఈ మూడే. ఉదాహరణకి ‘జీఎన్‌టీ-ఎల్-00147’ (ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, సిస్టమ్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి). గుంటూరు, ల్యాప్‌టాప్, 147వ నంబరు. ఊరు కూడా మారొచ్చుగా అంటారేమో. ఒంగోలు ల్యాప్‌టాప్ విజయవాడ వెళ్లినా పేరు మార్చకండి, ఆ కోడ్ కొన్న చోటుకే గుర్తు. రైల్వే వాళ్లని చూడండి, స్టేషన్ పేరు విజయవాడ అయినా కోడ్ మాత్రం బెజవాడ నాటి బీజడ్‌ఏనే, రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయినా స్టేషన్ కోడ్ ఆర్‌జేవై. కోడ్ మార్చనందుకు ఎవరికీ ఇబ్బంది కలగలేదు. అయితే రైల్వే కోడ్‌లనే యథాతథంగా తీసుకోవద్దు, సికింద్రాబాద్‌కి రెండక్షరాలు, విశాఖపట్నానికి నాలుగు, పేర్లన్నీ ఒకే పొడవులో రావు. ప్రతి ఊరికీ మూడేసి అక్షరాలు మీరే ఖాయం చేసి ఒక కాగితం మీద రాసి పెట్టండి, లేకపోతే వైజాగ్‌లో బ్రాంచి తెరిచిన రోజున ఒకరు వీజడ్‌జీ అని, ఇంకొకరు వీఎస్‌పీ అని పెడతారు.

పొడవు సంగతి చాలామంది పట్టించుకోరు, దెబ్బ తినేది అక్కడే. విండోస్ సిస్టమ్ పేరు 15 అక్షరాలకి మించకూడదు. నెట్‌బయోస్ అనే పాత పద్ధతిలో పేరుకి 16 బైట్లు కేటాయించారు, అందులో చివరిది ఏ సర్వీసో చెప్పడానికి పోతుంది, మనకి మిగిలేవి 15. విండోస్ తనంతట తాను పెట్టే పేరు లెక్కపెట్టి చూడండి. డెస్క్‌టాప్ అనే ఇంగ్లీషు మాటకి ఏడక్షరాలు, ఒక హైఫన్, తర్వాత అర్థంలేని ఏడక్షరాలు, సరిగ్గా 15. ఇప్పుడు మీరు ‘జీఎన్‌టీ-రేడియాలజీ-ల్యాప్‌టాప్-01’, ‘02’ అని రెండిటికి పెట్టారనుకోండి, ఇంగ్లీషులో పదిహేనో అక్షరం ల్యాప్‌టాప్‌లోని మొదటి ‘ఎల్’ దగ్గరే అయిపోతుంది. అక్కడితో కత్తిరిస్తే రెండిటికీ ఒకటే పేరు.

సీరియల్ నంబరు పెడితే సరిపోదా అని కూడా అడుగుతుంటారు. అన్నీ డెల్ సిస్టమ్‌లే అయితే బాగానే ఉంటుంది, సర్వీస్ ట్యాగ్ (డెల్ వాళ్ల సీరియల్ నంబరు) ఏడక్షరాలే కాబట్టి పై పద్ధతిలో 13తో సరిపోతుంది. కానీ హెచ్‌పీ సీరియల్ మామూలుగా పదక్షరాలు, 16 అవుతుంది, ఒక అక్షరం ఎక్కువ. రకరకాల కంపెనీల సిస్టమ్‌లున్న చోట స్టాక్ నంబరే మేలు. దానికి ముందు సున్నాలు పెట్టండి, లేకపోతే లిస్టులో 2 కన్నా 147 ముందొచ్చి కూర్చుంటుంది.

పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్ తప్ప ఇంకేమీ వద్దు. అండర్‌స్కోర్ పెడితే, పేర్లని నెట్‌వర్క్ అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర ఇబ్బంది వస్తుంది, ఉత్త అంకెలతో పెడితే విండోస్ ఒప్పుకోదు, పెద్దక్షరాలు చిన్నక్షరాలు తేడా పెట్టి రెండు పేర్లు చేద్దామంటే కుదరదు, రెండూ ఒకటే. ఇంకొకటి, పేరుని ఫోన్‌లో చదివి చూడండి. నర్సింగ్ స్టేషన్ నుంచి అర్ధరాత్రి ఫోన్ చేసిన సిస్టర్ ‘డీ’ అంటే మీకు ‘టీ’ అనో ‘బీ’ అనో వినపడుతుంది. అందుకే డెస్క్‌టాప్‌కి ‘డీ’ బదులు వర్క్‌స్టేషన్ అనే అర్థంలో ‘డబ్ల్యూ’ వాడమంటాను, ల్యాప్‌టాప్‌కి ‘ఎల్’, సర్వర్‌కి ‘ఎస్’. ఆ పేరే పెద్ద అక్షరాలతో స్టిక్కర్ కొట్టించి మానిటర్‌కి కాకుండా సీపీయూకి ఎదురుగా అంటించండి, మానిటర్లు చేతులు మారుతూనే ఉంటాయి. సగం పూట వెతుకులాట తగ్గాలంటే స్టిక్కర్, రిజిస్టర్ రెండూ ఉండాల్సిందే. రిజిస్టర్ అంటే పెద్ద సాఫ్ట్‌వేరే అక్కర్లేదు, ఎక్సెల్ షీటు చాలు, కానీ గది మారిన రోజే అందులో మార్చాలి.

ఇక గ్రహాలు. అవి ఎనిమిదే, మన నవగ్రహాలు తీసుకున్నా తొమ్మిదే, ఐసీయూ సర్వర్‌కి రాహువు, కేతువు పేర్లు పెడతామంటే ఎవరూ ఒప్పుకోరు. ఇలాంటి వరస పేర్లు ఒకప్పుడు బాగా నడిచాయి. ఇంటర్నెట్ ఇంజనీర్లు నంబర్లు వేసి వెలువరించే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల్లో, 1990లో డాన్ లీబ్స్ రాసిన 1178వది అచ్చంగా ఈ విషయం మీదే. రంగుల్లాంటి వరసలు తీసుకోవచ్చని, తొందరగా అయిపోయే చిన్న వరసలు వద్దని అందులోనే ఉంది. డేటాబేస్ అప్‌డేట్లు తీసుకునే మెషీన్‌కి ‘అప్’ అని పేరు పెట్టినవాళ్ల సంగతీ ఉంది, ‘అప్ డౌన్ అయిందా?’ అని మాట్లాడుకోవాల్సి వచ్చిందట. సర్వర్లు నాలుగైదున్న చోట గ్రహాల పేర్లు ముద్దుగానే ఉంటాయి. కానీ నిన్న చేరిన కుర్రాడు రాత్రి డ్యూటీలో ఒక్కడే ఉన్నప్పుడు ‘శుక్రుడు పడిపోయాడు’ అని మెసేజ్ వస్తే అది బిల్లింగ్ సర్వరో, ల్యాబ్ రిపోర్టుల సర్వరో అతనికెలా తెలుస్తుంది? ఆసుపత్రిలో ఆ పది నిమిషాలు చాలా ఖరీదైనవి.

సర్వర్‌కి కూడా మామూలు వరస పేరే పెట్టండి, ‘జీఎన్‌టీ-ఎస్-00009’ అని. డీఎన్‌ఎస్‌లో దానికి ‘బిల్లింగ్’ అని సీనేమ్, అంటే మారుపేరు ఇవ్వండి. కౌంటర్ సిస్టమ్‌లన్నిట్లో ఆ మారుపేరే ఉండాలి. రేపు కొత్త సర్వర్ కొన్నప్పుడు మారుపేరుని దాని వైపు తిప్పితే చాలు, రెండు వందల సిస్టమ్‌ల్లో షార్ట్‌కట్‌లు మార్చక్కర్లేదు. షేర్ ఫోల్డర్లున్న విండోస్ సర్వర్ అయితే ఆ మారుపేరుని సర్వర్‌లో కూడా నమోదు చెయ్యాలి, లేకపోతే లాగిన్ దగ్గర ఆగిపోవచ్చు, ముందు ఒక సిస్టమ్‌లో చూసుకోండి. సర్వర్ పేరులో విండోస్ వెర్షన్, సంవత్సరం మాత్రం వద్దు, అప్‌గ్రేడ్ చేసిన మర్నాటికే అది తప్పయిపోతుంది.

పాత పేర్లన్నీ ఒక్క ఆదివారంలో మార్చేద్దామనుకోవద్దు. కొత్తగా కొన్నవాటికి, ఫార్మాట్ చేసినవాటికి కొత్త పేరు పెడుతూ వెళ్లండి. మిగతావాటికి ముందు స్టిక్కర్లు అంటించి, పాత పేరుని షీటులో ఎక్కించండి, వెతుకులాట దాంతోనే చాలావరకు తీరుతుంది. లైసెన్స్‌ని సిస్టమ్ పేరుకి ముడిపెట్టే సాఫ్ట్‌వేర్లుంటాయి కాబట్టి అకౌంట్స్ సిస్టమ్ ముట్టుకునే ముందు వెండర్‌ని అడగండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉన్న మెషీన్ పేరు మారిస్తే దాని లోపల కూడా పేరు సరిచెయ్యాలి. సర్టిఫికెట్ అథారిటీ (మీ నెట్‌వర్క్‌లోని సిస్టమ్‌లకి డిజిటల్ సర్టిఫికెట్లు ఇచ్చేది) నడుస్తున్న సర్వర్ జోలికి అసలు వెళ్లొద్దు.

ప్రశ్న: మా ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో అరవై సిస్టమ్‌లు. ఒకదాన్ని రెడీ చేసి మిగతావాటికి క్లోన్ చేశాం, అన్నిటికీ ఒకటే పేరొచ్చింది. స్టాక్ నంబర్లే పెట్టాలా?
(ల్యాబ్ అసిస్టెంట్, వరంగల్)

జవాబు: ల్యాబ్‌లో అక్కర్లేదండీ. అక్కడ సీటు కదలదు, సీపీయూనే మారుతుంది, కాబట్టి సీటు పేరే సరైనది. ‘ల్యాబ్2-ఆర్3-05’ అంటే రెండో ల్యాబ్, మూడో వరస, ఐదో సీటు. పాడైన సీపీయూ తీసేసి వేరేది పెడితే దానికీ ఆ సీటు పేరే ఇవ్వండి. పరీక్షల రోజున ఏ సీటులో సమస్యో ఇన్విజిలేటర్ చెప్పగానే దొరకాలి. ఇక క్లోన్ చేసే ముందు అసలు సిస్టమ్‌లో సిస్‌ప్రెప్ (ఆ సిస్టమ్‌కే చెందిన గుర్తులని తుడిచేసే విండోస్ టూల్) నడపడం మర్చిపోకండి. డొమైన్‌లో, అంటే లాగిన్‌లన్నీ ఒకే సర్వర్ చూసుకునే నెట్‌వర్క్‌లో ఉండగా ఒకే పేరుతో రెండోది చేరితే మొదటిదాని ఖాతాని ఇది లాక్కుంటుంది, మొదటిదాంట్లో విద్యార్థులకి లాగిన్ అవ్వదు. ఈమధ్య వచ్చిన విండోస్ అప్‌డేట్ల వల్ల కొన్ని చోట్ల ఆ రెండోదాన్ని అసలు చేరనివ్వదు కూడా.

ప్రశ్న: సిస్టమ్ పేరు బయటివాళ్లకి తెలిస్తే ప్రమాదమా? మాది హైదరాబాద్‌లో చిన్న కంపెనీ.

జవాబు: పేరు తెలిసినంత మాత్రాన ఎవరూ లోపలికి రాలేరు, టెన్షన్ పడకండి. కానీ ల్యాప్‌టాప్ ఎయిర్‌పోర్ట్ వైఫైకి కనెక్ట్ అయ్యేటప్పుడు చాలాసార్లు తన పేరు చెప్పుకుంటుంది. పేరులో ‘ఎండీ’ అనో, మనిషి పేరో ఉంటే అదే నెట్‌వర్క్‌లో కాచుకున్నవాడికి ఎవరి మీద కన్నెయ్యాలో తెలిసిపోతుంది. దీని మీద 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8117 అని విడిగా ఒక పత్రమే వచ్చింది. సర్వర్ల విషయంలో పేరు బయటపడే ఇంకో దారి ఉంది, పబ్లిక్ ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ (బ్రౌజర్‌లో తాళం గుర్తు కోసం తీసుకునేది) తీసుకుంటే అందులోని పేరు అందరూ చూడగలిగే లాగ్‌లో చేరుతుంది. ‘పేరోల్’, ‘బ్యాకప్’ లాంటి పేర్లు అక్కడ కనపడకూడదనుకుంటే విడి పేర్లు లేకుండా డొమైన్ కింది పేర్లన్నిటికీ పనికొచ్చే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తీసుకోండి, లోపలి సర్వర్లని బయటి డీఎన్‌ఎస్‌లో పెట్టకండి. లోపలి నెట్‌వర్క్‌కి మీ సొంత డొమైన్ కింద ఒక సబ్‌డొమైన్ వాడుకోవచ్చు, లేదా ‘డాట్ ఇంటర్నల్’ తీసుకోండి, దాన్ని ప్రైవేటు వాడకానికని ఇంటర్నెట్ పేర్ల వ్యవహారాలు చూసే ఐకాన్ సంస్థ 2024లో పక్కన పెట్టింది. ‘డాట్ లోకల్’ మాత్రం వద్దు, ఆపిల్ పరికరాలూ చాలా ప్రింటర్లూ ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి దాన్నే వాడతాయి, రెండూ కలిస్తే పేర్లు ఒకసారి దొరికి ఒకసారి దొరకవు.