మొదటి కాల్ తీసుకోబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

క్యాన్సర్ దాటివచ్చిన మనలాంటివాళ్ళం, ఇప్పుడు ఆ జబ్బుతో ఉన్నవాళ్ళకి ఫోన్‌లో తోడుగా మాట్లాడే ఈ పనిలో, వచ్చే మంగళవారం నుంచి నీకూ కాల్స్ ఇస్తున్నారని తెలిసింది. సంతోషం. ట్రైనింగ్‌లో చెప్పినవన్నీ నోట్సు రాసుకునే ఉంటావు. నేను తప్పులు చేసి నేర్చుకున్నవి కొన్ని రాస్తున్నాను.

నా మొదటి కాల్‌లో అవతల ఉన్నావిడకి మర్నాడే మొదటి కీమో. "జుట్టు ఎన్నాళ్ళకి ఊడుతుందండీ?" అని అడిగింది. మా ఇద్దరికీ ఒకటే మందు. "రెండు మూడు వారాలకి మొదలవుతుందమ్మా" అని ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకోలేదు. దిండు మీద నా జుట్టు కుచ్చులుగా కనిపించిన రోజు దగ్గర్నుంచి, మళ్ళీ ఉంగరాలు తిరిగి మొలిచిన దాకా ముప్పావు గంట చెప్పాను. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను సుమా! ఆఖర్న ఆవిడ "మీరు బాగున్నారుగా, సంతోషమండీ" అని పెట్టేసింది. మళ్ళీ చెయ్యలేదు. ఆవిడ అడగాలనుకున్నది జుట్టు గురించి కాదేమోనని నాకు చాలా రోజులకి గాని తట్టలేదు. మొదటి ప్రశ్న చాలామంది మనమెలాంటి మనుషులమో చూసుకోవడానికే వేస్తారు. మనం చోటిస్తే అసలుది తర్వాత వస్తుంది.

నీకొచ్చిన జబ్బు నీకు గేట్‌పాస్ లాంటిది. "నాకూ ఇదే వచ్చిందండీ" అన్న ఒక్క మాటకే అవతలి గొంతు మెత్తబడుతుంది. అది చూపించి లోపలికెళ్ళాక జేబులో పెట్టుకో. అడిగితే, అడిగినంతే బయటికి తియ్యి.

1952లో న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే ఆవిడ, తనకు రొమ్ము ఆపరేషన్ అయ్యాక, అదే ఆపరేషన్ అయిన ఆడవాళ్ళ దగ్గరికి ఆసుపత్రికి వెళ్ళి మాట్లాడటం మొదలుపెట్టారు. తర్వాత అది 'రీచ్ టు రికవరీ' అనే పెద్ద కార్యక్రమం అయింది. ఆవిడకున్న సౌకర్యం మనకు లేదు. ఆపరేషన్ అయిన మనిషి ఎదురుగా నిలబడితే అదే సగం ధైర్యం. మనం వాళ్ళకి కనపడం, వాళ్ళు మనకి కనపడరు. ఉన్నదల్లా గొంతే.

అందుకని ఫోన్ ఎత్తగానే "ఇప్పుడు మాట్లాడటానికి వీలేనా? పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడుగు. ఓసారి ఒకావిడ మాట్లాడుతుంటే వెనకాల ఒకటే నీళ్ళ చప్పుడు. ఏదో పనిలో ఉందనుకుని "తర్వాత చెయ్యనా?" అన్నాను. "వద్దండీ, బాత్‌రూమ్‌లో ఉన్నాను. ఏడుపు బయటికి వినపడకుండా కుళాయి తిప్పాను" అంది. ఏమనాలో తోచక నేనేమీ అనలేదు. నాలుగైదు నిమిషాలు ఆ నీళ్ళ చప్పుడే విన్నాను. మధ్యలో ఒకటి రెండుసార్లు "ఉన్నానమ్మా" అన్నానంతే. చివరికి తనే కుళాయి కట్టేసి, పిల్లలకి ఎలా చెప్పాలని అడిగింది. ఫోన్‌లో అవతలివాళ్ళు మాట్లాడకపోతే మనకి కంగారు పుట్టి ఏదో ఒకటి అనేస్తాం. నోరు కట్టుకో. కష్టమే.

"నీకేం కాదు" అనకు. ఆ మాట మనకెలా తెలుసు? "పాజిటివ్‌గా ఉండు" అని కూడా అనకు. అది వాళ్ళకి ఇంటిల్లిపాదీ చెబుతూనే ఉంటారు. దాంతో భయాన్ని మనసులోనే దాచుకోవడం అలవాటైపోతుంది. "భయంగానే ఉంటుందమ్మా. ఇప్పుడు దేని గురించి ఎక్కువ భయం?" అని అడిగి చూడు. స్టేజీ ఎంతని నువ్వు అడగొద్దు, చెబితే విను. కషాయాలు, జ్యూసులు, వేరే డాక్టర్ల పేర్లు మన పని కాదు.

మనకి తెలిసిన చిన్న విషయాలు మాత్రం భలే పనికొస్తాయి. ఒకాయన కీమో అయిన రాత్రి తెల్లవార్లూ నిద్ర పట్టక, పిచ్చెక్కుతోందేమోనని హడలిపోయాడు. కీమోతో పాటిచ్చే స్టెరాయిడ్ వల్ల అలా అవుతుంటుంది, నాకూ అయింది, నర్సుని అడగండి అన్నాను. ఆయన "ఓహ్, అంతేనా!" అన్న తీరు ఇంకా గుర్తుంది. ఒక్కటి మాత్రం కబుర్లలో పడి జారవిడవకు. కీమో నడుస్తున్నవాళ్ళు జ్వరం 100.4 డిగ్రీలు గాని అంతకంటే ఎక్కువ గాని ఉందంటే, వెంటనే ఫోన్ పెట్టేసి ఆసుపత్రికి చెయ్యమను. తెల్లకణాలు తగ్గి ఉన్నప్పుడు ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. పొద్దున చూద్దాంలే అనే మాటే లేదు.

ట్రీట్‌మెంట్ అయిపోయాక ఇంకెవరు చేస్తారులే అనుకుంటావు. చూస్తూ ఉండు, అప్పుడే చేస్తారు. ఇంట్లోవాళ్ళు "అయిపోయిందిగా" అని ఎవరి పనుల్లో వాళ్ళు పడతారు. ఈ మనిషికి మాత్రం ఒళ్ళు సహకరించదు, చిన్న తలనొప్పి వచ్చినా తిరగబెట్టిందేమోనని టెన్షన్. స్కాన్ రిపోర్టు వచ్చే ముందు వారం మరీనూ. తేదీ రాసి పెట్టుకుని, ముందు రోజు నువ్వే ఓ ఫోన్ చెయ్యి.

చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే మాట మార్చకు. ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వస్తోందా అని నేరుగా అడుగు. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. లైన్‌లో ఉండగానే కోఆర్డినేటర్‌కి కబురు పంపు. ప్రాణాపాయమైతే గుట్టు దాచలేనని మొదటి కాల్‌లోనే చెప్పి ఉంచాలి.

కొందరు పోతారమ్మా. రెండు నెలలు మాట్లాడిన మనిషి నంబర్‌కి చేస్తే వాళ్ళమ్మాయి ఎత్తి చెప్పింది ఓసారి. ఆ వారం నేను కాల్స్ ఏమీ తీసుకోలేదు. నా చెకప్ ఉన్న వారం కూడా తీసుకోను, ఇన్నేళ్ళయినా. నీకూ అలా కాల్స్ వద్దనిపిస్తే, అడగడానికి మొహమాటపడకు.

మంగళవారం రాత్రి నాకు ఫోన్ చెయ్యి. వాళ్ళెవరో, ఏం చెప్పారో నాకొద్దు. నువ్వు అన్నం తిన్నావా, నిద్ర పట్టేలా ఉందా, అది చెప్పు చాలు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ