బూజు పట్టిన చెక్క తిన్న గేదె పాలు బాబుకు పట్టొచ్చా?

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. రెండు గేదెలున్నాయి. వానకు తడిసి వేరుశనగ చెక్క బస్తా అడుగున పచ్చగా బూజు పట్టింది. పారేయడం ఎందుకని మా అత్తగారు దులిపి, ఎండబెట్టి పది రోజులుగా పెడుతున్నారు. ఒక గేదె పాలు తగ్గించింది. అలాంటి పాలలో క్యాన్సర్ తెచ్చే విషం ఉంటుందని వాట్సాప్‌లో చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. నాలుగేళ్ల బాబు రోజూ రెండు గ్లాసులు తాగుతాడు. బాగా మరగబెడితే చాలా? మా ఆయనకు హెపటైటిస్ బి ఉంది. అందరం లివర్ టెస్టులు చేయించుకోవాలా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ చెక్క పెట్టడం ఇవాళే ఆపేయండమ్మా. ఆపిన మూడు నాలుగు రోజుల్లో పాలలో విషం దాదాపు లేకుండా పోతుంది. అప్పటిదాకా బాబుకు మంచి దాణా పెట్టే ఇంటి నుంచి పాలు తెచ్చి పట్టండి. ఆ నాలుగు రోజుల పాలు కేంద్రానికి కూడా పోయకండి. నష్టమే, కానీ అవి ఇంకో ఇంట్లో ఇంకో పిల్లాడు తాగే పాలు.

మరగబెడితే పోదు. ఆస్పర్జిల్లస్ అనే బూజు వదిలే ఈ విషం పేరు అఫ్లాటాక్సిన్. కాచితే క్రిములు చస్తాయి, ఇది క్రిమి కాదు, రసాయనం. తోడేసినా పోదు. పాలలోని ప్రొటీన్‌ను అంటుకుని ఉంటుంది కాబట్టి పనీర్‌లో ఇంకా ఎక్కువగా చేరుతుంది, నెయ్యిలోకి మాత్రం చాలా తక్కువ వస్తుంది. ఎండబెట్టడం వల్ల కొత్త బూజు ఆగి ఉంటుంది కానీ, అప్పటికే చెక్కలోకి దిగింది అంత సులువుగా పోదు. అత్తగారిని ఏమీ అనకండి, ఊళ్లో ఎవరిని అడిగినా అలాగే చేయమంటారు.

అసలు చెక్కతో చిక్కేమిటంటే, మంచి గింజలన్నీ తినడానికి అమ్ముడుపోతాయి. ముడుచుకుపోయినవి, పురుగు కొట్టినవి, రంగు మారినవి మిల్లుకు వెళ్తాయి. నూనె తీశాక విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. అందుకే పైకి బూజు కనిపించని చెక్కలోనూ ఇది ఉండొచ్చు.

ఇక మీ భయం సంగతి. గేదె తిన్న విషంలో మామూలుగా నూటికి ఒకటి నుంచి మూడు వంతులే, రూపం మారి అఫ్లాటాక్సిన్ ఎం1గా పాలలోకి వస్తుంది. మన దేశంలో కిలో పాలలో 0.5 మైక్రోగ్రాముల వరకు అనుమతి ఉంది, ఐరోపాలో అందులో పదో వంతే. 2018లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతా 6,432 పాల శాంపిళ్లు పరీక్షిస్తే 5.7 శాతం ఈ పరిమితి దాటాయి. ప్రమాదకరమైన కల్తీ దొరికింది 12 శాంపిళ్లలోనే. మనమేమో యూరియా కలిపారేమోనని హడలిపోతుంటాం! ప్యాకెట్ పాలలో ఈ బెడద ఉండదనుకోకండి, ఆ సర్వేలో అవీ ఉన్నాయి.

పది రోజుల పాలతో బాబుకు క్యాన్సర్ రాదు. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో కామెర్లతో వందమందికి పైగా చనిపోయిన మాట నిజమే. కానీ వాళ్లు బూజు పట్టిన మొక్కజొన్ననే వారాల తరబడి తిన్నారు. పాల ద్వారా వచ్చే మోతాదు దానితో పోల్చదగ్గది కాదు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి వెళ్లడమే లివర్ క్యాన్సర్‌కు దారి తీస్తుంది. బాబు బాగా ఆడుకుంటూ, తింటూ ఉంటే టెస్టులు అక్కర్లేదు. మామూలు లివర్ టెస్టులో అఫ్లాటాక్సిన్ కనిపించదు కూడా. లివర్ శుభ్రం చేస్తామనే టానిక్‌లకు డబ్బు తగలేయకండి.

నా దృష్టి అంతా మీ ఆయన మీదే ఉంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో అఫ్లాటాక్సిన్ వల్ల లివర్ క్యాన్సర్ ముప్పు, అది లేనివాళ్లతో పోలిస్తే 30 రెట్ల దాకా పెరుగుతుంది. ఆయనకు పాల కన్నా పల్లీలతోనే జాగ్రత్త ఎక్కువ అవసరం. చట్నీకి, పొడికి వేయించే ముందు గింజలు ఏరండి. ముడుచుకున్నవి, రంగు మారినవి తీసేయండి. నోట్లో చేదుగా తగిలితే ఉమ్మేయమనండి. మద్యం అలవాటుంటే మానేయాల్సిందే. ఎన్నాళ్లకోసారి స్కానింగ్ చేయించాలో లివర్ డాక్టర్‌ను అడగండి. మీరూ, అత్తగారూ, బాబూ హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే హెచ్‌బిఎస్‌ఏజి రక్త పరీక్ష చేయించుకోండి. నెగటివ్ వచ్చి, ఇదివరకు టీకా వేయించుకోకపోతే మూడు డోసులు వేయించుకోండి. బాబు టీకా కార్డు ఒకసారి చూడండి.

మిగిలిన చెక్కను కోళ్లకు వేయకండి, వాటికీ ఇది విషమే. ముక్కుకు గుడ్డ కట్టుకుని గొయ్యి తీసి పూడ్చేయండి. వానాకాలంలో బస్తాలు కొద్దికొద్దిగా తెచ్చుకుని, గోడకు దూరంగా చెక్కపలకల మీద పెట్టండి. దాణా కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి.

గేదె పాలు తగ్గడానికి వేరే కారణాలూ ఉండొచ్చు. పశువుల డాక్టర్‌కు చూపించి, పది రోజులుగా ఏం పెట్టారో దాచకుండా చెప్పండి. దాణాలో టాక్సిన్ బైండర్ (విషాన్ని పశువు కడుపులోనే పట్టి ఉంచే పొడి) కలపాలో లేదో ఆయనే చెబుతారు.