అమ్మను మద్రాసు తీసుకెళ్ళనా?

ప్రశ్న: నమస్కారమండీ. మా అమ్మకు ఎనభై రెండేళ్ళు. పుట్టి పెరిగింది మద్రాసు టీ నగర్‌లో, పానగల్ పార్కు వెనక వీధిలో. పెళ్ళయ్యాక విజయవాడ వచ్చేసింది. తాతయ్య పోయాక 1974లో ఆ ఇల్లు అమ్మేశారు. ఆ తర్వాత అమ్మ అటు వెళ్ళనే లేదు. ఈమధ్య రోజూ ఆ ఇంటి మాటే. పెరట్లో వేపచెట్టు, వీధి పంపు, తను నడిచి వెళ్ళిన బడి... "ఒక్కసారి చూపించవే" అంటోంది. తమ్ముడేమో "ఆ ఇల్లు ఇంకా ఉంటుందా? లేదని తెలిస్తే బెంగ పెట్టుకుంటుంది, వద్దు" అంటున్నాడు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తీసుకెళ్ళండి. కానీ ఇల్లు ఉండకపోవచ్చన్న సంగతి బయల్దేరకముందే, మీ ఇంట్లోనే, పక్కన కూర్చుని నిదానంగా చెప్పండి. నేను మా నాన్న విషయంలో ఆ పని చేయలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాన్న చిన్నతనం వడపళనిలో గడిచింది. తాతయ్య వాహినీ స్టూడియోలో సెట్లు వేసే వడ్రంగి. బడి లేని రోజుల్లో ఆయనకు కేరేజీ తీసుకెళ్ళడం నాన్న పని. పదహారేళ్ళ వయసులో రాజమండ్రి వెళ్ళిపోయారు. 2016 జనవరిలో చెన్నైలో మా ఇంటికి వచ్చినప్పుడు, ఆయన్ని సంతోషపెడదామని, ఏమీ చెప్పకుండా ఆటో ఎక్కించి ఆర్కాట్ రోడ్డుకు తీసుకెళ్ళాను. స్టూడియో స్థలంలో కొంత మేర అప్పటికే మాల్ వచ్చేసింది. నాన్న అటూ ఇటూ చూసి, వాచ్‌మన్‌ని తమిళంలో "మూడో ఫ్లోర్ ఎక్కడ బాబూ?" అని అడిగారు. స్టూడియోలో ఫ్లోర్ అంటే షూటింగ్ జరిగే పెద్ద షెడ్డు. తాతయ్య పనిచేసింది మూడో ఫ్లోర్‌లో. ఆ కుర్రాడికి అదేం తెలుస్తుంది? మర్యాదగా లిఫ్టు చూపించాడు. నాన్న అటు రెండడుగులు వేసి ఆగిపోయారు. ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు ఆయనే అడిగారు, "మురుగన్ గుడి ఉందా, అదీ పోయిందా?" అని. ఉందన్నాను. పొద్దున్నే వెళ్ళాం. కోనేటి దగ్గర కాసేపు నిలబడి, ఇక నాకేసి చూడకుండా నడక మొదలుపెట్టారు. ఇక్కడ సోడా బండి, ఇక్కడ లైట్‌బాయ్ వాళ్ళిల్లు, ఇక్కడ నేను పడి మోకాలు చీరుకున్నాను అంటూ నాలుగు సందులు తిప్పారు. తమ ఇల్లున్న చోట మూడంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. నేను భయపడుతూనే ఉన్నాను. ఆయన మాత్రం దాన్ని నిదానంగా చూసి, "మన గుమ్మం తూర్పుకి ఉండేది. వీళ్ళు ఉత్తరానికి పెట్టుకున్నారు" అని ముందుకు నడిచారు. ముందు రోజు నేను ఆయన్ని తీసుకెళ్ళి మాల్ ముందు దించేశాను. ఆ రోజు ఆయనే నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళారు.

కాబట్టి మీరు కారు దిగ్గానే ఇంటి ముందు నిలబెట్టకండి. పానగల్ పార్కు దగ్గర మొదలుపెట్టండి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీకి 1921 నుంచి 1926 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న పానగల్ రాజా, మన కాళహస్తి ఆయన పేరు మీద వచ్చిన పార్కు అది. టీ నగర్ అంటే త్యాగరాయ నగర్, ఆ పేరూ జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టిగారిదే. మాంబళం చెరువు పూడ్చి కట్టిన పేట అది. అమ్మగారు చిన్నప్పుడు పెద్దవాళ్ళ నోట ఆ చెరువు మాట వినే ఉంటారు, అడగండి. నేను వెళ్ళినప్పుడు పార్కు చుట్టూ మెట్రో పనులతో దారులు మళ్ళించి ఉన్నాయి. అది కూడా ముందే చెప్పండి. ఎదురుగా నల్లి పట్టుచీరల కొట్టు మాత్రం ఉంది, 1928 నాటిది. ఆమె గుర్తుపట్టే మొదటి బోర్డు అదే కావచ్చు.

ఆషాఢం తగ్గింపు అమ్మకాలప్పుడు, దీపావళి ముందు అసలు వెళ్ళకండి. ఆ జనంలో ఆ వయసువాళ్ళు నడవలేరు. సంక్రాంతి వెళ్ళాక ఎండలు ముదరకముందు మంచిది. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగుతారు. ఆ పూట విశ్రాంతి తీసుకుని, మర్నాడు ఏడింటికల్లా, కొట్లు తెరవకముందే టీ నగర్‌లో ఉండండి. మాంబళం స్టేషన్ చూస్తానంటే ఎప్పుడూ కిక్కిరిసి ఉండే రంగనాథన్ వీధి గుండా వద్దు. బస్‌స్టాండ్ నుంచి స్టేషన్‌కు 2023లో ఆకాశవంతెన కట్టారు, లిఫ్టు ఉంది.

ఆమె ముందు నడవనివ్వండి, మీరు ఒక అడుగు వెనక ఉండండి. దారి తప్పినా వెంటనే సరిదిద్దకండి. ఆమె చెప్పేదంతా ఫోన్‌లో రికార్డు చేసుకోండి. నాన్న చెప్పినవి నేను చేసుకోలేదు, ఇప్పుడు సగం పేర్లు గుర్తులేవు.

ఒకవేళ ఆ ఇల్లు నిలిచే ఉంటే తలుపు తట్టడానికి మొహమాటపడకండి. మాట్లాడే పని మాత్రం అమ్మగారికే వదిలేయండి. విజయవాడలో ఇన్నేళ్ళూ తమిళం మాట్లాడే అవసరమే వచ్చి ఉండదు ఆమెకు.