మార్కులు తక్కువైతే తప్పు టీచర్లదేనా?

శ్రీకాకుళం వైపు జిల్లా పరిషత్ బడిలో 6, 7, 8 తరగతుల మార్కులు తక్కువ వస్తే టీచర్లు చెప్పట్లేదనేనా అని అడిగారు. అంత తొందరగా అనేయకండి, ముందు ఎవరి పిల్లలు వస్తున్నారో చూడండి. మా తీరంలో చాలామంది మగవాళ్లు వేటకి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి నెలల తరబడి ఇంటికి రారు, అమ్మ చేపల గంప దించేదాకా ఆరో తరగతి పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని గుమ్మంలోనే నిలబడితే మొదటి పీరియడ్ పోయినట్టే. సవర గిరిజన పిల్లలకి ఇంటి భాషే వేరు. కాస్త స్తోమతున్నవాళ్లేమో ప్రైవేటు బడికి పంపేస్తారు. టీచర్ల లెక్కా చూడాలి: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ తరగతుల్లో 35 మందికి ఒకరుండాలి. ఒకే బడి పిల్లలు ఆరులో ఎలా ఉన్నారు, ఎనిమిదికి ఎంత మెరుగయ్యారు అన్నదే నేను చూస్తాను.