కాంపిటీషన్ లాలో పీహెచ్‌డీ: టాపిక్ తర్వాత, ముందు ఆర్డర్లు చదవండి

ప్రశ్న: బీఏ ఎల్‌ఎల్‌బీ నాలుగో ఏడాది చదువుతున్నాను. కాంపిటీషన్ లాలో (మార్కెట్లో పోటీని కాపాడే చట్టంలో) పరిశోధన చేసి, అధ్యాపక వృత్తిలోకి వెళ్లాలని ఉంది. 'డిజిటల్ మార్కెట్లలో గుత్తాధిపత్య నియంత్రణ' అనే టాపిక్ అనుకున్నాను. లెక్కలు పదో తరగతితోనే వదిలేశాను. ఎకనామిక్స్ పెద్దగా రాకుండా ఈ రంగంలో నెగ్గుకురాగలనా? ఇంట్లోవాళ్లు మాత్రం కోర్టు ప్రాక్టీసే మేలంటున్నారు.

జవాబు: ముందు టాపిక్ సంగతి చూద్దాం. మీరు రాసింది ఒక పుస్తకానికి పేరుగా బాగుంటుంది కానీ పరిశోధన ప్రశ్న కాదు. దానికి 'అవును', 'కాదు', 'ఇంతమేరకు' అని జవాబు చెప్పే వీలు లేదు. అలాంటి శీర్షికతో మొదలైన థీసిస్‌లు చాలావరకు ఒకే దారిలో పోతాయి. మొదటి అధ్యాయం అమెరికా షెర్మన్ చట్టం (1890), రెండోది యూరప్ ఒప్పందంలోని 101, 102 అధికరణాలు, మూడోది మన 2002 పోటీ చట్టం, చివర సూచనలు. పరీక్షకుడు అడిగేది ఒక్కటే: ఇందులో మీరు కొత్తగా కనుక్కున్నదేమిటి?

ఈ రంగంలో కొత్తది కనుక్కునే చోటు, పోటీ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా (సీసీఐ) ఆర్డర్లే. అవి వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కంపెనీల లోపలి లెక్కలు, సీసీఐ కోసం దర్యాప్తు చేసే డైరెక్టర్ జనరల్ నివేదిక పూర్తి పాఠం మీ చేతికి రావు. ఆర్డర్లలోనూ వ్యాపార రహస్యాలున్న భాగాలు కొట్టేసి ఉంటాయి. కాబట్టి బహిరంగంగా దొరికే కాగితాలతో తేల్చగల ప్రశ్నే ఎంచుకోవాలి. 'ఫలానా యాప్ స్టోర్ కమిషన్ న్యాయమైనదా' అన్నది తేల్చడానికి మీ దగ్గర డేటా ఉండదు. 'ఆధిపత్య దుర్వినియోగం ఫిర్యాదులను దర్యాప్తు లేకుండానే మూసేసిన ఆర్డర్లలో, రిలెవెంట్ మార్కెట్‌ను (ఒకదానికొకటి పోటీపడే సరుకులు, ప్రాంతాల పరిధిని) విశాలంగా గీయడం వల్లే మూసివేత జరిగినవి ఎన్ని, మిగతా కారణాలు ఏమిటి' అన్నది తేల్చవచ్చు. రెండో ప్రశ్నలో ఆకర్షణ తక్కువే, కానీ థీసిస్ పూర్తవుతుంది.

ఆ పని ఎలా చేయాలో చెబుతాను. ఫిర్యాదు (చట్టం భాషలో 'ఇన్ఫర్మేషన్') వచ్చాక ప్రాథమిక ఆధారం ఉందనుకుంటే సీసీఐ సెక్షన్ 26(1) కింద దర్యాప్తుకు ఆదేశిస్తుంది. లేదనుకుంటే 26(2) కింద మూసేస్తుంది. దర్యాప్తు తర్వాత ఉల్లంఘన తేలితే సెక్షన్ 27 కింద తుది ఆర్డరు వస్తుంది. మీ ప్రశ్నకు సరిపడే ఏళ్లు నిర్ణయించుకుని, ఆ కాలంలోని ఆర్డర్లన్నీ దించుకోండి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో ఆర్డరుకు ఒక్కో వరుస కేటాయించండి. నిలువు గడుల్లో కేసు నంబరు, తేదీ, ఏ సెక్షన్, ఏ రంగం, ఫిర్యాదుదారు ఎవరు (పోటీదారా, వినియోగదారా, సంఘమా), ఉత్పత్తి మార్కెట్, భౌగోళిక మార్కెట్, ఆధిపత్యం ఉందన్నారా లేదా, ఆధిపత్యాన్ని తేల్చేందుకు సెక్షన్ 19(4) చెప్పే అంశాల్లో ఏవి ఎత్తారు, ఫలితం, అసమ్మతి తీర్పు ఉందా, అప్పీలు ఏమైంది అన్నవి రాయండి.

గడులు నింపడం మొదలుపెట్టే ముందే 'విశాలం', 'ఇరుకు' అంటే మీ ఉద్దేశం ఏమిటో ఒక పేజీ నియమాలుగా రాసిపెట్టుకోండి. మొదటి 30 ఆర్డర్ల తర్వాత నియమాలు మార్చాల్సి వస్తుంది, అది మామూలే. మార్చాక మళ్లీ మొదటి నుంచి నింపాలి. అందరూ ఎగ్గొట్టేది ఇక్కడే. చివరికి పదో వంతు ఆర్డర్లను మీ జవాబులు చూపకుండా ఇంకొకరితో నింపించి, ఇద్దరివీ ఎంతవరకు కలిశాయో పోల్చండి. కలవకపోతే తప్పు ఆ మనిషిది కాదు, మీ నియమాలది.

ఇక బోల్తా పడే చోట్లు. పేరున్న కేసులు మాత్రమే తీసుకోవడం మొదటిది. డీఎల్‌ఎఫ్, సిమెంట్ కార్టెల్ (కంపెనీలు కుమ్మక్కవడం), గూగుల్ కేసులు చదివి 'సీసీఐ కఠినంగా ఉంటుంది' అని రాసేస్తారు. పెద్ద జరిమానా పడ్డ కేసులే వార్తల్లోకి వస్తాయి. నిశ్శబ్దంగా మూసేసినవి లెక్కలోకి రాకపోతే ఆ నిర్ధారణ నిలవదు.

రెండోది, అప్పీలు చూడకపోవడం. ఆండ్రాయిడ్ కేసులో 2022 అక్టోబరులో సీసీఐ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో, సీసీఐ ఆర్డర్లపై అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ ఆ జరిమానాను నిలబెట్టి, ఆదేశాల్లో నాలుగింటిని కొట్టేసింది. ప్లే స్టోర్ బిల్లింగ్ కేసులో వేసిన 936.44 కోట్లను అదే ట్రిబ్యునల్ 2025లో 216.69 కోట్లకు తగ్గించింది. సీసీఐ ఆర్డరు చదివి ఆగిపోయినవాడి పేపర్ అచ్చయ్యేలోపే పాతబడుతుంది. 2017 మే దాకా ఈ అప్పీళ్లు కాంపాట్ అనే వేరే ట్రిబ్యునల్ వినేది. పాత కేసులు వెతికేటప్పుడు ఆ పేరుతోనూ చూడాలి.

మూడోది పెద్ద పొరపాటు: యూరప్ సూత్రాన్ని ఎత్తుకొచ్చి మన చట్టానికి అతికించడం. 1991 నాటి అక్జో తీర్పును బట్టి యూరప్‌లో 50 శాతం మార్కెట్ వాటా ఉంటే ఆధిపత్యం ఉన్నట్టు ఊహిస్తారు. ఆధిపత్య దుర్వినియోగాన్ని నిషేధించే మన సెక్షన్ 4లో అలాంటి అంకె లేదు. వాటా అన్నది 19(4)లోని అనేక అంశాల్లో ఒకటి, అంతే. అలాగే అన్యాయమైన ధర వసూలు చేయడాన్నే దుర్వినియోగంగా చూడటం మన చట్టంలోనూ యూరప్‌లోనూ ఉంది, అమెరికాలో లేదు. మూడు దేశాల తీర్పులనూ ఒకే పేరాలో కలిపేస్తే పర్యవేక్షకుడు వదిలేసినా, జర్నల్ సమీక్షకుడు వదలడు.

నాలుగోది, మారిన చట్టం. 2017లో ఎక్సెల్ క్రాప్ కేర్ కేసులో సుప్రీంకోర్టు, జరిమానాను ఉల్లంఘనకు సంబంధించిన ఉత్పత్తి టర్నోవరు మీదే లెక్కించాలంది. 2023 సవరణ చట్టం టర్నోవరు అంటే ప్రపంచవ్యాప్త టర్నోవరు అని వివరణ చేర్చింది. ఆ నిబంధన, మార్గదర్శకాలు 2024 మార్చిలో అమల్లోకి వచ్చాయి. విలీనాల వైపు, సీసీఐ అనుమతి ఎప్పుడు కావాలో చెప్పే 2,000 కోట్ల రూపాయల డీల్ విలువ పరిమితి 2024 సెప్టెంబరు నుంచి అమలవుతోంది, అనుమతి గడువు 210 రోజుల నుంచి 150కి తగ్గింది. అంతకు ముందు రాసిన పాఠ్యపుస్తకం మీ చేతిలో ఉంటే, ఈ అధ్యాయాల మీద పెన్సిలుతో గీత గీసుకుని చదవండి.

డిజిటల్ మార్కెట్లపైనే చేయాలని పట్టుదలగా ఉంటే ఒక జాగ్రత్త. 2024 మార్చిలో కమిటీ నివేదికతో పాటు వచ్చిన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా మాత్రమే. దాన్నే థీసిస్‌కు వెన్నెముకగా పెట్టుకుంటే ముసాయిదా మారినా ఆగినా మూడేళ్ల శ్రమ వృథా. అది ఒక అధ్యాయంగా సరిపోతుంది. యూరప్ డిజిటల్ మార్కెట్స్ చట్టం 2022లో చట్టమైంది, దాని అమలుపై కాగితాలు దొరుకుతున్నాయి కాబట్టి పోలికకు వాడుకోవచ్చు.

నన్నడిగితే, ఇంత రద్దీ లేని, ఇంతకన్నా లోతున్న దారి మరొకటి ఉంది: రంగాలవారీ నియంత్రణ సంస్థకూ పోటీ కమిషన్‌కూ మధ్య సరిహద్దు. జియో ఫిర్యాదుతో మొదలైన టెలికాం కేసులో (సీసీఐ వర్సెస్ భారతీ ఎయిర్‌టెల్, 2018), టెలికాం లైసెన్సుకు సంబంధించిన సాంకేతిక అంశాలు ముందు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తేల్చాకే సీసీఐ అడుగు పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. పేటెంట్ లైసెన్సుల విషయంలో 2023లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్, పేటెంట్ చట్టమే పైచేయి అంది. విద్యుత్తు, పెట్రోలియం పైపులైన్లు, బ్యాంకింగ్‌లోనూ ఇదే చిక్కు. సెక్షన్లు 21, 21ఏ ఒకరి అభిప్రాయం మరొకరు అడిగే వీలు ఇచ్చాయి. ఆ వీలును ఎవరు ఎప్పుడు వాడారో, వాడనప్పుడు ఏమైందో ఆర్డర్ల నుంచి కూడగట్టి రాస్తే లా, ఎకనామిక్స్ రెండు పక్షాలవాళ్లూ చదువుతారు.

ఎకనామిక్స్ గురించి అడిగారు. రాకుండా కుదరదు, కానీ మీరు భయపడేంత కూడా అక్కర్లేదు. కాలిక్యులస్‌తో మోడళ్లు కట్టాల్సిన పని లా థీసిస్‌కు లేదు. ఆర్థికవేత్త రాసిన అధ్యాయం చదివి, ఏ ఊహ మీద నిలబడిందో పట్టుకోగలిగితే చాలు.

ఉదాహరణకు మార్కెట్ కేంద్రీకరణను కొలిచే హెచ్‌హెచ్‌ఐ. ప్రతి సంస్థ వాటాను వర్గం చేసి కూడాలి. వాటాలు 40, 30, 20, 10 అయితే 1600+900+400+100, అంటే 3000. చివరి రెండూ విలీనమైతే పెరిగేది 2×20×10, అంటే 400. అమెరికా 2023 మార్గదర్శకాల ప్రకారం సూచీ 1800 దాటి, విలీనం వల్ల పెరుగుదల 100 దాటితే పోటీకి హాని అన్న ఊహ మొదలవుతుంది. ఇది పదో తరగతి లెక్కే. అసలు కష్టం 40 శాతం దేనిలో 40 శాతం అన్న దగ్గర ఉంటుంది. అది మార్కెట్ నిర్వచనం, అక్కడ లాయరు మాటకూ విలువుంది.

మార్కెట్‌ను గీయడానికి వాడే 'ఎస్‌ఎస్‌ఎన్‌ఐపీ' పరీక్ష కూడా అంతే. ఒకే సంస్థ చేతిలో ఉందనుకున్న సరుకుకు ధర 5 నుంచి 10 శాతం శాశ్వతంగా పెంచితే, దానికి లాభం మిగులుతుందా, లేక కొనేవాళ్లు వేరే సరుకుకు మళ్లిపోతారా? మళ్లితే ఆ రెండో సరుకునూ మార్కెట్‌లో కలిపి మళ్లీ అడగాలి. ఆధిపత్యం కేసుల్లో ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఇప్పటికే ధర గుత్త స్థాయికి చేరి ఉంటే, ఇంకొంచెం పెంచగానే జనం ఏదో ఒకదానికి మళ్లుతారు. దాంతో మార్కెట్ పెద్దదని తప్పుగా తేలుతుంది. అమెరికాలో 1956 నాటి డ్యుపాంట్ తీర్పుపై వచ్చిన ఈ విమర్శకు సెలొఫేన్ ఫాలసీ అని పేరు. ఇక ధర సున్నా ఉన్న సెర్చ్, మెసేజింగ్ సేవలకు 5 శాతం పెంపు అన్న మాటకే అర్థం లేదు. మీ డిజిటల్ ఆసక్తికి నిజమైన ప్రశ్న ఇక్కడ దొరుకుతుంది: అలాంటి కేసుల్లో సీసీఐ ధరకు బదులు దేన్ని కొలిచింది?

రోజుకు గంట చొప్పున ఆరు నెలలు కేటాయించండి. మొదటి మూడు నెలలు డిమాండు, వ్యయం, గుత్త ధర, ఒలిగోపలీ (కొద్ది సంస్థలే ఉన్న మార్కెట్). తర్వాత రెండు నెలలు సగటు, ప్రామాణిక విచలనం, రిగ్రెషన్ (అంశాల మధ్య సంబంధాన్ని కొలిచే పద్ధతి) పట్టికను చదవడం. చివరి నెల ఉచిత సాఫ్ట్‌వేర్ 'ఆర్' (R)లో మీ స్ప్రెడ్‌షీట్‌ను పెట్టి పట్టికలు తీయడం.

చదువు మెట్లు క్లుప్తంగా: డిగ్రీ తర్వాత ఎల్‌ఎల్‌ఎం, అందులో డిసర్టేషన్ ఈ రంగంలోనే. అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్‌కు పీజీలో 55 శాతం (రిజర్వుడు వర్గాలకు 50) కావాలి. పేపర్-1లో 50, పేపర్-2లో 100 ప్రశ్నలు, మొత్తం 300 మార్కులు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. నెట్ ద్వారా ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్సు వర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. థీసిస్‌కు ముందు పేపర్ అచ్చవ్వాలన్న తప్పనిసరి షరతు అందులో లేదు. అయినా ఉద్యోగ ఇంటర్వ్యూలో అడిగేది పేపర్లనే. డబ్బు కట్టగానే వారంలో వేసే జర్నళ్ల జోలికి పోకండి. వరల్డ్ కాంపిటీషన్, జర్నల్ ఆఫ్ యాంటీట్రస్ట్ ఎన్‌ఫోర్స్‌మెంట్, సీసీఐ సొంత జర్నల్ వంటివి లక్ష్యంగా పెట్టుకోండి. తిరస్కరించినా సమీక్షకుల వ్యాఖ్యలు చేతికొస్తాయి.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు హోదా కన్నా, గత ఐదేళ్లలో వాళ్లు ఈ రంగంలో రాసినవి చూడండి. వాళ్ల వ్యాసం ఒకటి చదివి, అందులో మీ ప్రశ్న ఎక్కడ అతుకుతుందో రెండు వాక్యాల్లో చెబుతూ ఒకటిన్నర పేజీ ప్రతిపాదన పంపండి. సీవీ మాత్రమే జతచేసి 'గౌరవనీయులైన సార్' అని పంపేవాటికి జవాబు రాకపోతే ఆశ్చర్యపోవద్దు.

ఉద్యోగాల మాటకొస్తే, కేంద్ర, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం ఏడో వేతన సంఘం ప్రకారం 57,700 రూపాయలు. పోస్టులు పడేది అరుదుగానే. అందుకే అదొక్కటే నమ్ముకోవద్దు. సీసీఐలో కాంట్రాక్టు పరిశోధన పోస్టులు, కట్స్, ఇక్రియర్, విధి వంటి విధాన పరిశోధన సంస్థలు, న్యాయ సంస్థల కాంపిటీషన్ టీములు కూడా ఆర్డర్ల డేటాతో పనిచేసినవాళ్లకు విలువ ఇస్తాయి.

ఇంట్లోవాళ్ల మాట పూర్తిగా తోసిపుచ్చనక్కర్లేదు. ఎల్‌ఎల్‌ఎం తర్వాత ఏడాది, రెండేళ్లు ఎన్‌సీఎల్‌ఏటీ ముందు ఈ కేసులు వాదించే చాంబర్‌లో పనిచేస్తే, ఆర్డరులో రాయని విషయాలు (ఏ వాదన ఎందుకు వదిలేశారు, దర్యాప్తు ఎక్కడ ఆగింది) అర్థమవుతాయి. జేఆర్‌ఎఫ్ మాత్రం పూర్తికాల పరిశోధనకు ఇచ్చేది కాబట్టి దానితో పాటు ప్రాక్టీసు సాగదు, క్రమం ముందే తేల్చుకోండి. జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి సాధారణంగా 30 ఏళ్లు. మీకు ఇప్పుడు 21 అనుకుంటే 23కి డిగ్రీ, 24కి ఎల్‌ఎల్‌ఎం, రెండేళ్ల ప్రాక్టీసు పోయినా నెట్ రాయడానికి మూడు, నాలుగేళ్లు చేతిలో ఉంటాయి.