ట్యూబ్‌లెస్ సైకిల్ టైర్లో గాలి నిలవడం లేదు, షాపు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. రోజూ పొద్దున్నే కళింగపట్నం వైపు సైకిల్ తొక్కుతాను. ఆరు వారాల క్రితం విశాఖపట్నంలో ఒక షాపులో ట్యూబులు తీయించి ట్యూబ్‌లెస్ టైర్లు వేయించుకున్నాను. టైర్లు, వాల్వులు, రిమ్ము కన్నాలు మూసే టేపు, గాలి పోకుండా టైర్లో పోసే ద్రవం (సీలెంట్), కూలి అన్నీ కలిపి రూ. 9,400 అయింది. రాత్రి గాలి కొడితే తెల్లారేసరికి వెనక టైరు మెత్తబడిపోతోంది. పదో రోజున ఒకసారి, తర్వాత మరోసారి తీసుకెళ్తే డబ్బులు తీసుకుని మళ్లీ సీలెంట్ పోశారు. ఇప్పుడేమో ‘మీ రిమ్ములోనే లోపం’ అంటున్నారు. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంది. కేసు నిలుస్తుందా? విశాఖ చుట్టూ తిరగాలా?

జవాబు: తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం, సరుకు ఎక్కడ కొన్నా మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

బిల్లు మీది ఆ వాక్యం చూసి టెన్షన్ పడకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టమే అంటోంది. మీరు పదో రోజునే వెళ్లారు. ఆ రోజు సీలెంట్ పోసినందుకు ఇచ్చిన రసీదు దానికి మంచి సాక్ష్యం, పారేయకండి.

ఇక రిమ్ము సంగతి. షాపువాళ్లు ఈ మాటతో మిమ్మల్ని భయపెడుతున్నారు గానీ, నా దృష్టిలో ఆ మాట మీకే పనికొస్తుంది. మీ పాత రిమ్ము మీదే కదా వాళ్లు పని చేసింది! అది ట్యూబ్‌లెస్‌కు పనికొస్తుందో లేదో చూడాల్సింది పనిమంతుడిగా కూలి తీసుకున్న వాళ్లే. పనికిరాదనుకుంటే ముందే చెప్పాలి. చెప్పకుండా బిగించి, రెండుసార్లు డబ్బులు తీసుకుని, ఇప్పుడు రిమ్ముదే తప్పనడం సేవాలోపం కిందికి వస్తుంది. ఆ మాట వాళ్ల చేత వాట్సాప్‌లోనైనా రాయించుకోండి.

అయితే గాలి ఎక్కడ్నుంచి పోతోందో తేల్చకుండా కేసు వేయొద్దు. టైరు విప్పకముందే గాలి కొట్టి, సబ్బు నీళ్లు రాసి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో వీడియో తీయండి. వాల్వు మొదట్లోనో, స్పోక్స్ దిగే కన్నాల దగ్గరో వస్తే సాధారణంగా టేపు సరిగా అతకలేదనో, వాల్వు కింది రబ్బరు సరిగా కూర్చోలేదనో అర్థం. టేపు రిమ్ము లోపలి వెడల్పు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండి అంచు దాకా పరుచుకోవాలి. సన్న టేపు వేస్తే ఎంత సీలెంట్ పోసినా దండగే. ఇది షాపు పనితనం. టైరు అంచు రిమ్ములో చుట్టూ ఒకేలా కూర్చోకుండా ఒకచోట లోపలికి దిగి ఉంటే, అక్కడ్నుంచి పోయే గాలికి కూడా ముందుగా జవాబు చెప్పాల్సింది బిగించినవాళ్లే. టైరు పక్క గోడల నుంచి సన్నగా చెమర్చినట్టు రావడం కొత్తలో మామూలే. ఆరు వారాలైనా ఆగకపోతే టైరులోనే లోపం ఉందని అనుమానించాలి. అప్పుడు తయారీ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి. అవసరమైతే కమిషన్ టైరును ల్యాబుకు పంపుతుంది, ఆ పరీక్ష ఖర్చు మొదట మీరే కట్టాలి.

అవతలివాళ్లు మేకు గుచ్చుకుందనో, టైరు మీద రాసిన హద్దు దాటి గాలి కొట్టారనో, సీలెంట్ ఎండిపోయిందనో అనొచ్చు. సీలెంట్ రెండు నుంచి ఆరు నెలల్లో ఎండుతుంది, ఎండలు ముదిరితే ఇంకా ముందే. మీ విషయంలో పదో రోజుకే ఇబ్బంది మొదలైంది కాబట్టి ఆ వాదన బలహీనం. రాత్రి గాలి కొట్టాక గేజీ ఫొటో, పొద్దున్న గేజీ ఫొటో, ఇలా వరసగా కొన్ని రోజులు తీసి ఉంచండి. వేరే మెకానిక్ చేత చూపించి, ఆయన గమనించింది ఒక కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి.

ముందుగా షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పదిహేను రోజుల్లో ఉచితంగా సరిచేయాలని, లేదంటే డబ్బు వాపసు ఇవ్వాలని రాయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేయండి. ఇలాంటి చిన్న మొత్తాలు చాలాసార్లు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే కమిషన్‌లో ఫిర్యాదు వేసి రిపేరుగానీ, కొత్త టైరుగానీ, డబ్బుగానీ, దానితో పాటు నష్టపరిహారం, ఖర్చులు అడగొచ్చు. వివాదం మొదలైన నాటి నుంచి రెండేళ్ల గడువుంది, కానీ మీరు అంతదాకా ఆగొద్దు.

మెత్తబడిన టైరుతో మాత్రం రోడ్డెక్కకండి. మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి జారితే పడిపోతారు. వీడియో, మెకానిక్ కాగితం అయ్యాక, అదే టైరులో ట్యూబు వేయించుకుని తొక్కండి. తీసిన వాల్వునూ టేపునూ ఒక కవర్లో పెట్టి, తేదీ రాసి బిల్లుతో పాటు దాచండి.